ఆ సంతకం ఎవరు పెట్టాలి?

(సీనియర్ సిటిజన్ల నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఆ, సరే.

సెక్రటరీ గారు మొన్న ఫోన్ చేసి, "సార్, టాపిక్ కొంచెం అశుభంగా ఉంది, నోటీసు బోర్డు మీద పేరు మార్చి వేస్తాం" అన్నారు. ఏం వేశారో చూశారు కదా? "ఆరోగ్యం, చట్టం". బాగానే ఉంది. కాకపోతే ఇద్దరు ముగ్గురు బీపీ చూపించుకోవడానికి వచ్చినట్టున్నారు. పర్వాలేదు, కూర్చోండి, మీకూ పనికొస్తుంది.

నేను నలభై ఏళ్ళు సివిల్ ప్రాక్టీసు చేశాను. వీలునామాలు ఎన్ని రాశానో లెక్కలేదు. ఇల్లు ఎవరికి, పొలం ఎవరికి, తోటలో ఉత్తరం వైపు చెట్లు ఎవరికి, అమ్మ కాసులపేరు ఏ కోడలికి, అన్నీ నాలుగు వైపులా హద్దులతో సహా రాయించేవారు. ఒకాయనైతే తన సైకిలు కూడా రాయించాడు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరైనా నా దగ్గరికొచ్చి, "ప్లీడరు గారూ, నాకు స్పృహ లేనప్పుడు నా ఒంటి గురించి ఎవరు మాట్లాడాలో రాసిపెట్టండి" అని అడిగారా? ఒక్కరు కూడా అడగలేదు. నేనూ వాళ్ళని అడగలేదు. నాకు తోచలేదండీ, అంతే. తోచిన రోజు సంగతి ముందు చెప్తాను, చట్టం తర్వాత చెప్పుకుందాం.

2019. మా పెద్దన్నయ్యకి డెబ్భై ఎనిమిదేళ్ళు. పొద్దున్న పేపరు చదువుతూ చదువుతూ పక్కకి ఒరిగిపోయాడు. మెదడులో రక్తస్రావం. ఐసీయూ, వెంటిలేటరు, ముక్కులో గొట్టం, మూత్రానికి గొట్టం. పదకొండు రోజులు. అందులో రెండు రోజులు వాళ్ళబ్బాయి విదేశం నుంచి వచ్చేదాకా ఆగడానికే పోయాయి. "నేను వచ్చేదాకా ఉంచండి బాబాయ్" అన్నాడు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఏ కొడుకైనా అదే అంటాడు.

పదకొండో రోజు డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. "లేచే అవకాశం లేదండీ" అన్నారు. మరేం చేద్దాం అన్నాను. "మీ ఇష్టం" అన్నారు. మా ఇష్టం అంటే? "మేము వెంటిలేటర్ తియ్యం. తీసుకెళ్తామంటే కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్ళండి."

ఆ కాగితం సంగతి మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, సగం మందికి తెలుసు. ఆసుపత్రుల్లో దాన్ని 'లామా' అంటారు. అంటే వైద్యుల సలహాకి విరుద్ధంగా రోగిని తీసుకెళ్తున్నాం, ఏం జరిగినా మాదే బాధ్యత అని మనం రాసివ్వడం.

ఇక్కడ నా సిగ్గుచేటు సంగతి ఒకటుంది. ఇలా ఇక లేవని మనిషికి మిషను ఎలా ఆపొచ్చో చెప్తూ సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఇచ్చిన తీర్పు, 538 పేజీలది, రెండు బైండ్లు చేయించి నా బీరువాలో పెట్టుకున్నాను. చదివాను కూడా. పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాను. డాక్టరు గారికి ధైర్యంగా చెప్పాను: "అయ్యా, చట్టం మారింది, దీనికి పద్ధతి ఉంది" అని. ఆయన మంచి మనిషి, విసుక్కోలేదు. నెమ్మదిగా అడిగారు: "సార్, కలెక్టరు గారితో మెడికల్ బోర్డు వేయిస్తారా? మెజిస్ట్రేటు గారిని ఐసీయూలోకి తీసుకొస్తారా? ఎన్నాళ్ళు పడుతుంది?"

నేనేం చెప్పను? ఒక సర్టిఫైడ్ కాపీ రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలిసినవాణ్ణి. నోరు మూసుకున్నాను.

కాగితం మా వదిన ముందు పెట్టారు. ఆవిడ చెయ్యి వణికింది. నేనే సంతకం పెట్టాను. అంబులెన్సులో ఒక కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, అన్నయ్య తల దగ్గర కూర్చుని రబ్బరు సంచీ లాంటిది చేత్తో నొక్కుతూ ఊపిరి ఆడిస్తున్నాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "అన్నా, మెల్లగా" అని డ్రైవరుకి చెప్తున్నాడు. ఇరవై నిమిషాల దారి. ఇంట్లో హాల్లో మంచం వేశారు. ఆ కుర్రాడు మా మొహాలు చూశాడు. మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. గొట్టం తీసేసి, సంచీ మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత నలభై నిమిషాలు. గొంతులో గురగుర. ఆయాసం. తులసి తీర్థం పోస్తే దిగలేదు, పక్కనుంచి కారిపోయింది. ఆ ఆయాసం తగ్గించే మందు ఉందని, ఆసుపత్రిలో అయితే గొట్టం తీసే ముందే అది ఇచ్చి ఉండేవారని నాకు ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది. ఇంట్లో ఎవరిస్తారు? డాక్టరు లేడు, నర్సు లేదు. ఉన్నదల్లా 538 పేజీల తీర్పు.

ఆ కాగితంలో ఏముంది? వైద్యుల సలహాకి విరుద్ధంగా అని ఉంది. విరుద్ధం ఎక్కడండీ? ఇంక లాభం లేదన్నది ఆయనే కదా! ఆయనకి తెలుసు, మాకు తెలుసు, అందరం కలిసి ఒక అబద్ధం మీద సంతకం పెట్టాం. నలభై ఏళ్ళ ప్రాక్టీసులో దస్తావేజులో అబద్ధం రాయనివ్వలేదు నేను. మా అన్నయ్య విషయంలో రాశాను.

సరే. మంచినీళ్ళు ఇలా ఇవ్వండి.

ఇప్పుడు చట్టం. ముందు ఒక మాట పక్కన పెట్టేద్దాం. పేపర్లలో హెడ్డింగులు చూస్తుంటారు, "కారుణ్య మరణానికి సుప్రీం ఓకే" అని. ఆ మాటతోనే సగం గందరగోళం. మనవాళ్ళు అది వినగానే డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి చంపడం అనుకుంటారు. మన దేశంలో అది నేరం. నిన్నా నేరమే, ఇవాళా నేరమే. రోగి కాళ్ళు పట్టుకుని బతిమాలినా, డాక్టరు ఇంజెక్షన్ ఇస్తే హత్య లేదా నరహత్య నేరం కింద కేసు పెడతారు. నెదర్లాండ్స్, బెల్జియం 2002లో అనుమతించాయి, కెనడా 2016లో అనుమతించింది, అది వాళ్ళ సంగతి. ఇక్కడ మనం మాట్లాడుకునేది అది కాదు. వద్దనే హక్కు గురించి. ఈ గొట్టం నాకు వద్దు, ఈ మిషను నాకు వద్దు, నా జబ్బు దాని దారిన అది నన్ను తీసుకుపోనివ్వండి అని చెప్పే హక్కు. భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్ అంటాం చూడండి, వాళ్ళు కూడా 2018లో పదాలకి నిర్వచనాలు ఇస్తూ 'పాసివ్ యుథనేసియా' అనే మాట, అంటే చికిత్స ఆపి మనిషిని పోనివ్వడాన్ని కూడా కారుణ్య మరణమే అనడం, వాడొద్దన్నారు. నాకు నచ్చిన పని అది.

మీకు స్పృహ ఉన్నంతకాలం ఈ హక్కుకి ఏ బోర్డూ అక్కర్లేదు, ఏ మెజిస్ట్రేటూ అక్కర్లేదు. డయాలసిస్ వద్దంటే వద్దే. కీమో చాలంటే చాలు. బలవంతంగా చెయ్యడానికి లేదు. అది ఆత్మహత్య కూడా కాదు. చిక్కంతా ఎక్కడొస్తుంది? స్పృహ పోయాక. నోరు లేనప్పుడు మన నోరు ఎవరిది? ఈ ముప్ఫై ఏళ్ళ కేసులన్నీ చివరికి ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తులు ఏమన్నారంటే, రాజ్యాంగం 21వ అధికరణంలో జీవించే హక్కు ఉంది, చచ్చే హక్కు లేదు. కానీ గౌరవంగా జీవించడం అంటే చివరి శ్వాస వరకు గౌరవమే, ప్రాణం ఎలాగూ పోతున్నప్పుడు ఆ పోవడం కూడా గౌరవంగా ఉండాలి అని ఒక కిటికీ తెరిచి ఉంచారు. ఆ కిటికీలోంచి గాలి రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

మధ్యలో మన హైకోర్టుకే ఒక కేసు వచ్చింది. 2004 డిసెంబరు. హైదరాబాదులో ఒక పాతికేళ్ళ కుర్రాడు. కండరాలు క్షీణించే జబ్బు. చదరంగం బాగా ఆడేవాడు. తను ఎలాగూ బతకడు కాబట్టి, అవయవాలు పాడైపోకముందే తీసి ఇంకొకరికి ఇవ్వమన్నాడు. వాళ్ళమ్మ కోర్టుకెళ్ళింది. కోర్టు ఒప్పుకోలేదు. అవయవదాన చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్ అయ్యాకే తీయాలి కదా. కొద్ది రోజులకే ఆ అబ్బాయి పోయాడు. చట్టప్రకారం తీర్పు సరైనదే. ఆ తల్లి మొహం చూసి అది చెప్పగలమా అంటే నేను చెప్పలేను.

తర్వాత అరుణా శాన్‌బాగ్. ఈ పేరు అందరూ విని ఉంటారు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరులో అదే ఆసుపత్రిలో పనిచేసేవాడొకడు కుక్క గొలుసు మెడకి బిగించి ఆమె మీద అత్యాచారం చేశాడు. మెదడుకి ప్రాణవాయువు అందక ఆమె మళ్ళీ మామూలు మనిషి కాలేదు. ఏళ్ళ తరబడి అదే ఆసుపత్రిలో ఒక మంచం మీద. పింకీ విరానీ అనే జర్నలిస్టు సుప్రీంకోర్టుకి వెళ్ళి, ఇంక ఆమెకి ఆహారం పెట్టడం ఆపమని అడిగారు. 2011 మార్చి 7న తీర్పు వచ్చింది. పిటిషన్ కొట్టేశారు.

ఎందుకు కొట్టేశారో వినండి, మన సంగతంతా అక్కడే ఉంది. కోర్టు అడిగిన ప్రశ్న: ఆమె తరఫున మాట్లాడే అర్హత ఎవరికుంది? పుస్తకం రాసి, కేసు వేసిన జర్నలిస్టుకా? లేక ముప్ఫై ఏడేళ్ళుగా ఆమెకి మెత్తగా చేసిన ఆహారం నోట్లో పెట్టి, ఒళ్ళు తుడిచి, ఒక్క పుండు పడకుండా చూసుకున్న ఆ నర్సులకా? నర్సులు ఆమె బతకాలన్నారు. వాళ్ళే ఆమె మనుషులు అంది కోర్టు. రక్తసంబంధం కాదు, కేసు వేసిన వాళ్ళూ కాదు. సేవ చేసినవాళ్ళు. తర్వాత నాలుగేళ్ళకి, 2015 మేలో, నిమోనియాతో ఆమె పోయింది. మొత్తం నలభై రెండేళ్ళు.

అరుణకి ఏం కావాలనేది మాత్రం ఎవరికీ తెలియదు. ఇరవై ఐదేళ్ళ పిల్ల, ఏం రాసిపెట్టుకుంటుంది?

అదే 2011 తీర్పులో, ఇకమీద ఇలాంటి కేసుల్లో చికిత్స ఆపాలంటే హైకోర్టు అనుమతి తీసుకోవాలని పద్ధతి పెట్టారు. పోతున్న మనిషిని మంచం మీద పెట్టుకుని హైకోర్టుకి ఎవరు వెళ్తారండీ? పార్లమెంటు చట్టం చేసి ఉంటే బాగుండేది. లా కమిషన్ 2006లో తన 196వ నివేదికలో చెప్పింది, 2012లో 241వ నివేదికలో మళ్ళీ చెప్పింది. 2016లో ఆరోగ్యశాఖ ఒక ముసాయిదా బిల్లు కూడా బయటపెట్టింది. ముసాయిదా ముసాయిదాగానే ఉంది. అందుకని ఇవాళ మనకి ఉన్నది సుప్రీంకోర్టు తీర్పులే. పార్లమెంటు చట్టం చేసేదాకా అవే చట్టం.

2018 తీర్పు కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన పిటిషన్ మీద వచ్చింది. పదమూడేళ్ళు. జస్టిస్ దీపక్ మిశ్రా నాయకత్వంలో ఐదుగురు. లివింగ్ విల్ చెల్లుతుంది అన్నారు. అంటే ముందుగానే రాసిపెట్టుకునే వైద్య వీలునామా. మామూలు వీలునామా మనం పోయాక పనిచేస్తుంది, ఇది మనం పోకముందే పనిచెయ్యాలి, తేడా అంతే. మాట గొప్పది. దానికి పెట్టిన పద్ధతి మాత్రం... నేను చెప్పాను కదా. వీలునామా మీద మెజిస్ట్రేటు సంతకం కావాలి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న డాక్టర్లతో ఒక బోర్డు. కలెక్టరు వేసే రెండో బోర్డు. ఆ తర్వాత మెజిస్ట్రేటు స్వయంగా వచ్చి రోగిని చూడాలి. పూర్ణకుంభంతో స్వాగతం ఒకటే తక్కువ. న్యాయమూర్తుల భయం నాకు అర్థమవుతుంది. ఆస్తి కోసం తండ్రి వెంటిలేటరు తీయించే కొడుకు లేడా? ఉన్నాడు, నేను చూశాను. కానీ ఆ ఒక్కడి కోసం వేసిన తాళం మిగతా తొంభై తొమ్మిది మందినీ లామా కాగితం వైపు తోసింది.

డాక్టర్లే మళ్ళీ కోర్టుకెళ్ళి మొరపెట్టుకున్నారు. 2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నాయకత్వంలోని రాజ్యాంగ ధర్మాసనం ఆ తాళం వదులు చేసింది. ఇప్పుడు చెప్పేది కాస్త శ్రద్ధగా వినండి, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

కాగితం మీరు రాయాలి. పద్దెనిమిదేళ్ళు దాటి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా రాయొచ్చు. ఇద్దరు సాక్షులు, వీలైతే బయటివాళ్ళు. నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ధృవీకరిస్తే చాలు, మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళక్కర్లేదు. మీ తరఫున ఎవరు మాట్లాడాలో పేర్లు రాయాలి, ఒకరి కంటే ఎక్కువ మందిని కూడా రాయొచ్చు. ఒక కాపీ వాళ్ళకి, ఒకటి ఫ్యామిలీ డాక్టరు ఉంటే ఆయనకి, ఒకటి మున్సిపాలిటీ లేదా పంచాయతీ వాళ్ళకి. ఎప్పుడు కావాలంటే అప్పుడు రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, మళ్ళీ రాసుకోవచ్చు. ఆఖరున రాసిందే లెక్క.

అవసరం వచ్చినప్పుడు ఏమవుతుంది? కోలుకునే ఆశ లేదు, రోగికి నిర్ణయం చెప్పే స్థితి లేదు అని డాక్టరు అనుకున్నప్పుడు, ఆసుపత్రే మొదటి బోర్డు వేస్తుంది. చూస్తున్న డాక్టరు, ఇంకో ఇద్దరు నిపుణులు, వాళ్ళకి ఐదేళ్ళ అనుభవం ఉంటే చాలు. వాళ్ళు సరేనంటే రెండో బోర్డు. దీన్నీ ఆసుపత్రే వేస్తుంది, కలెక్టరు కాదు. ఇందులో జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన ఒక డాక్టరు, మొదటి బోర్డులో లేని ఇంకో ఇద్దరు. ఒక్కో బోర్డు వీలైతే నలభై ఎనిమిది గంటల్లో చెప్పాలి. అమలు చేసే ముందు మెజిస్ట్రేటుకి తెలియజేస్తారు. ఆయన వచ్చి చూసి అనుమతి ఇచ్చేదాకా ఆగక్కర్లేదు. బోర్డులు కాదంటే హైకోర్టుకి వెళ్ళొచ్చు.

కాగితం రాయనివాళ్ళ సంగతేంటి? అదే దారి, అవే రెండు బోర్డులు. కాకపోతే అక్కడ మీ మాట ఉండదు, దగ్గరివాళ్ళ అంగీకారం అడుగుతారు. అంటే ఎవరో ఒకరి చెయ్యి మళ్ళీ వణుకుతుంది.

ఆచరణలో ఇంకా ఇబ్బంది ఉంది, లేదని చెప్పను. రెండో బోర్డుకి జిల్లా నుంచి ఎవరిని నామినేట్ చేశారో చాలా ఆసుపత్రులకి తెలియదు. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి 30న సర్క్యులర్ ఇచ్చి, ఎవరెవరు ఏం చెయ్యాలో స్పష్టం చేసింది. పక్క రాష్ట్రం చేసింది చూసి మన ఆసుపత్రి వాళ్ళని అడగండి. "మీ దగ్గర ఆ బోర్డు ఉందా?" అని అడగండి. పది మంది అడిగితే పదకొండోవాడికి ఉంటుంది.

నేను నా కాగితం రాశాను. రాసి, కాపీ తీసుకుని స్థానిక ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో అబ్బాయి అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "పన్ను రసీదు జతచేశారా సార్?" అన్నాడు. నవ్వకండి, ఆ అబ్బాయి తప్పు లేదు. వాడి దగ్గరికి వచ్చే కాగితాలన్నీ ఇంటివే, ఒంటివి కావు కదా. సుప్రీంకోర్టు చెప్పింది బాబూ అంటే పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన చదివి, ఏ రిజిస్టరులో ఎక్కించాలో తెలియక, చివరికి ఇన్‌వర్డ్ నంబరు వేసి ముద్ర కొట్టిచ్చారు. నాకదే పదివేలు.

ఎవరి పేరు రాయాలి? ఇది అసలు ప్రశ్న. మనవాళ్ళు ఆలోచించకుండా పెద్దకొడుకు పేరు రాసేస్తారు. తలకొరివి పెట్టేది వాడే కాబట్టి. ఇక్కడొక కథ గుర్తు చేస్తాను, మీకందరికీ తెలిసిందే. భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడు. స్వచ్ఛంద మరణం వరం ఉందని, ఉత్తరాయణం కోసం ఆగాడని అందరికీ తెలుసు. ఆ వరం మనకి లేదు, వదిలేయండి. తర్వాత ఏం జరిగిందో గుర్తుందా? దుర్యోధనుడు వైద్యుల్ని వెంటబెట్టుకొచ్చాడు. బాణాలు పెరకడంలో ఆరితేరినవాళ్ళు. భీష్ముడు ఏం చేశాడు? వాళ్ళకి బహుమతులిచ్చి, గౌరవించి, పంపించెయ్యమన్నాడు. వైద్యం వద్దన్నాడు. వైద్యుణ్ణి తిట్టలేదు, చూడండి.

అంతకంటే ముందు జరిగింది ఇంకా బాగుంటుంది. తల వేలాడుతోంది, దిండు కావాలన్నాడు. రాజులందరూ మెత్తటి పట్టు దిండ్లు పట్టుకొచ్చారు. ఇవి కాదన్నాడు. అర్జునుడి వైపు చూశాడు. అర్జునుడికి అర్థమైంది, బాణాలతోనే తలకి ఆనిక పెట్టాడు. దాహమైతే కూడా అంతే, అందరూ చల్లటి నీళ్ళ కుండలు తెస్తే మళ్ళీ అర్జునుడి వైపే చూశాడు. ఆ పక్కన నిలబడ్డవాళ్ళలో ఆయన అన్నం పెట్టి కాపాడుకొచ్చిన కౌరవులు ఉన్నారు. ఆయన్ని కొట్టినవాడు అర్జునుడు. అయినా మనసు తెలిసినవాడు ఎవరో ఆయనకి తెలుసు. దుర్యోధనుడికి ప్రేమ లేదనను. ప్రేమతోనే కదా వైద్యుల్ని తెచ్చాడు. మన ఇళ్ళల్లో ఐసీయూ బయట కూర్చుని "ఎంత ఖర్చయినా పర్వాలేదు డాక్టర్" అనేది కూడా ప్రేమే.

నేను మా పెద్దబ్బాయి పేరు రాయలేదు. చిన్నమ్మాయి పేరు రాశాను. వాడికి నేనంటే ప్రాణం, అందుకే రాయలేదు. వాడు తియ్యనివ్వడు. అది ఏడుస్తూనే సంతకం పెడుతుంది. వాడికి ఈ సంగతి ఫోన్‌లో చెప్తే రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "అసలు ఏం రాశావో చదువు" అన్నాడు. చదివాను. "నేను మనుషుల్ని గుర్తుపట్టే స్థితికి తిరిగి రానని డాక్టర్లు తేల్చినప్పుడు, నాకు వెంటిలేటరు, డయాలసిస్, గుండె ఆగితే ఛాతీ మీద నొక్కడం వద్దు. నొప్పికి, ఆయాసానికి మందు ఎంత కావాలంటే అంత ఇవ్వండి" అని రాశాను. వాడు అంతా విని, "రెండో వాక్యం ముందు పెట్టు నాన్నా" అన్నాడు. మార్చాను. మళ్ళీ నోటరీ ఖర్చు.

వాడన్నది సబబే. మిషను తియ్యడం అంటే మనిషిని వదిలెయ్యడం కాదు. అక్కడే మరింత దగ్గరగా చూసుకోవాలి. నోరు తడపడం, పక్క తిప్పడం, నొప్పికి మందు. మార్ఫిన్ అనగానే మనవాళ్ళు మత్తుమందు అని హడలిపోతారు. మాదకద్రవ్యాల చట్టం దెబ్బకి ఏళ్ళ తరబడి ఆసుపత్రులు కూడా హడలిపోయాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి గుర్తింపు పొందిన వైద్యసంస్థలకి లైసెన్సుల చిక్కు తగ్గించారు. నొప్పి తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఈ పని చాలా ఏళ్ళుగా చేస్తోంది.

ఇంక మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలు. "ఒకసారి వెంటిలేటర్ పెట్టాక తీయకూడదట, నిజమేనా?" కాదండీ. పెట్టకపోవడం, పెట్టి తీసెయ్యడం, చట్టం దృష్టిలో రెండూ ఒకటే. మనసుకి ఒకటి కావు, అది నాకు తెలుసు. అందుకే పెట్టేముందే డాక్టరుతో చెప్పుకోండి, మూడు రోజులో ఐదు రోజులో చూద్దాం, మార్పు లేకపోతే మళ్ళీ కూర్చుని మాట్లాడదాం అని.

"బ్రెయిన్ డెడ్, కోమా ఒకటేనా?" ఒకటి కాదు, ఒకటి కాదు. బ్రెయిన్ డెడ్ అంటే మనిషి పోయినట్టే. 1994 అవయవదాన చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధృవీకరించాలి. కోమాలో ఉన్న మనిషి బతికే ఉన్నాడు, కొందరు లేస్తారు కూడా. మనం మాట్లాడుకున్న బోర్డులన్నీ బతికి ఉండి, ఇక కోలుకోని మనుషుల కోసం.

"కాగితం రాస్తే ఆసుపత్రి వాళ్ళు మామూలు జ్వరానికి కూడా వైద్యం చెయ్యరేమో?" ఇది ఎవరు రాశారో గానీ మంచి ప్రశ్న. అలా ఏమీ ఉండదు. కోలుకునే జబ్బుకి ఈ కాగితం బీరువాలోంచి బయటికే రాదు. రెండు బోర్డులు ఒప్పుకుంటేనే దానికి ప్రాణం వచ్చేది. బీరువా అంటే గుర్తొచ్చింది, తాళం వేసి దాచకండి దాన్ని. వీలునామాలు దాచినట్టు దాస్తే పదకొండో రోజు కర్మకాండలప్పుడు బయటపడుతుంది.

స్టాంపు పేపరు అడిగారు ఎవరో. తీర్పు స్టాంపు పేపరు అడగలేదు. తెల్ల కాగితం చాలు, మాట మాత్రం స్పష్టంగా ఉండాలి. "నన్ను బాధపెట్టొద్దు" అని రాస్తే చాలదు. అస్పష్టంగా ఉంటే బోర్డు పక్కన పెట్టేస్తుంది.

నేను నమూనా ఒకటి తెలుగులో టైపు చేయించి తెచ్చాను. కిటికీ దగ్గర బల్ల మీద ఉన్నాయి, అరవై కాపీలు. తీసుకెళ్ళండి, కానీ ఇక్కడే పెన్ను తీసి సంతకం పెట్టెయ్యకండి. ముందు ఎవరి పేరు రాయబోతున్నారో వాళ్ళకి చదివి వినిపించండి. వాళ్ళు వద్దంటే ఇంకో పేరు చూసుకోవాలి కదా. ఫ్యాను గాలికి ఎగురుతున్నాయని వాటి మీద నా కళ్ళజోడు పెట్టె పెట్టాను. అది మాత్రం అక్కడే వదిలేయండి.